ముందు లైన్ కట్టుకో, రిసీవర్ సంగతి తర్వాత

రేయ్ బుజ్జీ,

మీ ఫ్రెండ్స్ ఆడే ఆ ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) గేమ్ లీగ్‌లో బంతి విసిరే నీ క్వార్టర్‌బ్యాక్ వారం వారం శాక్ అయ్యి, అంటే విసిరేలోపే పడగొట్టించుకుని, నేలమీదే ఉంటుంటే నువ్వు ఈ ఆఫ్‌సీజన్‌లో కూడా బంతి పట్టే రిసీవర్‌నే కొంటానంటావేంట్రా, బంతి విసిరే టైమే లేనప్పుడు వాడెంత పరిగెత్తి ఏం లాభం. ముందు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఐదుగురి లైన్ కట్టుకో: మధ్యలో సెంటర్, వాడికి అటూ ఇటూ గార్డ్‌లు, రెండు చివర్లా టాకిల్స్.

2021లో కాన్సాస్ సిటీ చీఫ్స్ ఏం చేశారో చూడు. ఆ ఫిబ్రవరిలో ఫైనల్, అదే సూపర్ బౌల్‌కి టాకిల్స్ ఇద్దరూ, ఫిషర్, ష్వార్ట్జ్, గాయాలతో లేరు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ అంతటోడు కూడా ఆటంతా ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తడమే సరిపోయింది, టాంపా 31-9తో ఉతికేసింది. నెల తిరగ్గానే ఆ ఇద్దర్నీ తీసేశారు. గార్డ్ జో థూనీకి 5 ఏళ్ళకి 80 మిలియన్ డాలర్లు పెట్టారు, లెఫ్ట్ టాకిల్ ఓర్లాండో బ్రౌన్‌ని బాల్టిమోర్ నుంచి ట్రేడ్‌లో లాగారు, కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో గార్డ్ ట్రే స్మిత్. ఆరో రౌండ్ రా బాబూ! కాలేజీలో వాడికి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టాయని మిగతావాళ్ళు భయపడ్డారు. ఫలితం చూడు, 2022 సీజన్‌లో 70 శాక్‌లు కొట్టిన ఫిలడెల్ఫియా ఈగిల్స్, ఫైనల్లో మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడెయ్యలేకపోయారు.

నువ్వూ అలాగే చెయ్యి. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్ట్ అయిపోయినోళ్ళని కొనుక్కునే మార్కెట్, తెరవగానే డబ్బులు గార్డ్ మీద పెట్టు, ఎందుకంటే మంచి టాకిల్‌ని ఏ టీమూ మార్కెట్లోకి వదలదు, బయటికొచ్చాడంటే వయసో మోకాలో ఏదో ఉంటుంది. టాకిల్‌ని డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే తీసుకో. సెంటర్‌కి రెండో రౌండ్ చాలు, కానీ బుర్రున్నోణ్ణి చూడు, ఎవడు ఎవణ్ణి ఆపాలో అరిచి చెప్పేది వాడే.

ఒక్క ఏడాదిలో అన్నీ కుదరాలని లేదు. మన కౌబాయ్స్ 2011లో టైరన్ స్మిత్, 2013లో ఫ్రెడరిక్, 2014లో జాక్ మార్టిన్, ముగ్గురు లైన్‌వాళ్ళనీ మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు. మార్టిన్‌ని తీసుకున్న రోజు ఇక్కడ డాలస్‌లో మనాళ్ళు సగం మంది క్వార్టర్‌బ్యాక్ మాంజియెల్ కావాలని గోల గోల, ఆ సీజన్‌లోనే ఆ లైన్ వెనకాల ముర్రే బంతి పట్టుకుని 1,845 గజాలు పరిగెత్తాడు, గోల చేసినోళ్ళే జెర్సీలు కొన్నారు, సరే అది వదిలెయ్.

ఇంకోటి, ఐదుగురితో ఆగకు. లైన్‌లో ఎడమా కుడీ రెండు వైపులా ఆడగల ఆరో మనిషి కావాలి, లేకపోతే గార్డ్‌ని తీసుకెళ్ళి టాకిల్‌లో నిలబెట్టాల్సొస్తుంది. చీఫ్స్‌కి 2024లో అదే గతి పట్టింది, థూనీనే లెఫ్ట్ టాకిల్‌కి జరిపారు, ఫైనల్లో ఈగిల్స్ బ్లిట్జ్ (అదనపు మనుషుల్ని మీదికి పంపడం) జోలికి పోకుండానే మహోమ్స్‌ని 6 సార్లు పడేశారు.

డ్రాఫ్ట్ ముందు నీ లిస్టు నాకు వాట్సాప్ చెయ్యి, పైన రిసీవర్ పేరు కనిపిస్తే మాత్రం ఫోన్ చేసి తిడతా.

మీ బాబాయ్