రూటర్‌లో యూఎస్‌బీ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: అల్లూరు మండలంలో మాకు వెనామీ రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీది కాపలా షెడ్డుకు కేబుల్ ఇంటర్నెట్ లేదు. పాత రూటర్‌కు 4జీ డాంగిల్ పెట్టి, రాత్రిళ్లు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఇంటి నుంచే కెమెరాలో చూసుకోవాలని ఉంది. రూటర్‌లో ఫ్లాష్ (నిల్వ చోటు) 8 ఎంబీ, ర్యామ్ 64 ఎంబీ, యూఎస్‌బీ పోర్టు ఒకటే. కావలసిన ప్యాకేజీలను (చిన్న ప్రోగ్రాములు) ఎంచి ఒకే ఇమేజ్‌గా, అంటే రూటర్‌లో ఎక్కించే ఫైలుగా, కట్టే ఇమేజ్ బిల్డర్‌తో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ ఫర్మ్‌వేర్‌ను నేనే తయారు చేసుకుంటున్నాను. చోటు చాలదు కనుక యూఎస్‌బీ డ్రైవర్ల ప్యాకేజీలను ఇప్పుడు వదిలేసి, కావలసినప్పుడు వేసుకోమని మిత్రుడి సలహా. పెన్‌డ్రైవ్‌లో కెమెరా రికార్డింగు కూడా ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ మిత్రుడి సలహా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి సరిపోతుంది, మీకు సరిపోదు. తర్వాత వేసుకోవాలంటే ప్యాకేజీని ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. మీ షెడ్డుకు ఇంటర్నెట్ వచ్చేదే ఆ డాంగిల్ ద్వారా, డాంగిల్ పనిచేయాలంటే ఆ ప్యాకేజీ ముందే ఉండాలి. పైగా తర్వాత వేసినవన్నీ ఓవర్‌లే అనే, మార్పులు దాచే భాగంలోకి చేరతాయి గనుక, కాపలా మనిషి ఎప్పుడైనా రీసెట్ బటన్ పట్టి నొక్కితే అవి తుడిచిపెట్టుకుపోతాయి. ఇమేజ్‌లోనే చేర్చినవి నిలుస్తాయి, గట్టిగా కుదించి ఉంటాయి కనుక చోటూ తక్కువే తీసుకుంటాయి. రీసెట్‌తో మీ సెట్టింగులు కూడా పోతాయన్నది మరువకండి. డాంగిల్‌ను వ్యాన్‌గా, అంటే బయటి ఇంటర్నెట్ దారిగా, చూపే నెట్‌వర్క్ ఫైలును కూడా ఇమేజ్‌లో కలిపేయండి.

అయితే యూఎస్‌బీ అనగానే అన్నీ చేర్చనక్కరలేదు. మూల డ్రైవరు, యూఎస్‌బీ 2 డ్రైవరు, మీ డాంగిల్ ఈథర్‌నెట్ కార్డులా కనిపించే రకమైతే దానికి తగిన సీడీసీ ఈథర్ లేదా ఆర్ఎన్‌డీఐఎస్ డ్రైవరు, ఇవి చాలు. కొన్ని డాంగిళ్లు మొదట సీడీ డ్రైవులా కనిపిస్తాయి, వాటిని మోడెమ్‌గా మార్చే మోడ్‌స్విచ్ కూడా కావాలి. డాంగిల్ తానే వైఫై ఇచ్చే రకమైతే, రూటర్ దానికి వైఫైలోనే కలవగలదు, యూఎస్‌బీ కేవలం కరెంటు కోసమే. అప్పుడు ఈ డ్రైవర్ల గొడవే లేదు. చోటు కోసం, కేబుల్ కనెక్షన్లలో లాగిన్‌కు వాడే పీపీపీఓఈ ప్యాకేజీలను వదిలేయండి, షెడ్డులో వాటితో పనిలేదు. జాబితాలో ప్యాకేజీ పేరు ముందు తీసివేత గుర్తు పెడితే సరిపోతుంది.

పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం వద్దంటాను. నిల్వ డ్రైవరు, దానిపైన ఫైల్ సిస్టమ్, ఆపైన ఫైళ్లు పంచే సాంబా, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సాంబా 4 ఒక్కటే మీ 8 ఎంబీలో ఇమడదు. కెమెరాలోనే మెమరీ కార్డు పెట్టుకోవడం సులువు. ఇంతకీ 8/64 అంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇప్పుడు కనీసంగా చెప్పే కొలత. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న రూటర్లకు 19.07 వెర్షన్ తరువాత కొత్త విడుదలలు లేవు.

నిజంగా ఇబ్బంది పెట్టేది కరెంటు. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. టవర్ దూరంగా ఉంటే డాంగిల్ ఎక్కువ బలంతో ప్రసారం చేయవలసి వస్తుంది, అంటే సరిగ్గా చెరువు గట్టు మీదనే దాని వాడకం పెరుగుతుంది. రూటర్ అడాప్టర్ బలహీనమైనదైతే డాంగిల్ దీపం ఆరి వెలుగుతూ ఉంటుంది. రూటర్ లాగ్‌ను చూపే లాగ్‌రీడ్ ఆదేశంతో చూస్తే యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని, కొన్నిసార్లు ఎర్రర్ -71 అని పదే పదే కనిపిస్తుంది. అది ఫర్మ్‌వేర్ లోపమనుకొని ఇమేజ్‌ను మళ్లీ మళ్లీ కట్టేవారు చాలామంది. ముందు మంచి అడాప్టర్ మార్చి, పొట్టి కేబుల్‌తో చూడండి. కుదరకపోతే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి. ఉప్పుగాలికి పోర్టు తుప్పు పడుతుంది కనుక రూటర్‌ను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి, ఇనుప డబ్బాలో పెడితే సిగ్నల్ పోతుంది.

షెడ్డుకు తీసుకువెళ్లే ముందు ఇంట్లోనే డాంగిల్ పెట్టి, రీసెట్ బటన్ నొక్కి, ఎవరూ ముట్టుకోకుండా ఇంటర్నెట్ మళ్లీ వస్తుందో లేదో చూసుకోండి.