టెక్ సందేహాలు: ట్రైలర్ లాగడానికి ఎలక్ట్రిక్ పికప్ సరిపోతుందా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో సొంత ఇంట్లో ఉంటున్నాము. నా ఆఫీసు ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్‌లో ఉంది. వారానికి నాలుగు రోజులు, రానూపోనూ 55 మైళ్ల ప్రయాణం. మాకు 26 అడుగుల క్యాంపర్ ట్రైలర్ (బండి వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఉంది. సామానుతో కలిపి 6,200 పౌండ్లు తూగుతుంది. పిల్లలకు సెలవులు వచ్చినప్పుడల్లా దాన్ని ఓక్లహోమాలోని బ్రోకెన్ బోకు, ఎప్పుడైనా లేక్ టెక్సోమాకు తీసుకువెళ్తుంటాము. పాత పెట్రోలు పికప్‌ను మార్చే సమయం వచ్చింది. 10,000 పౌండ్లు లాగుతుంది, 320 మైళ్ల రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం) ఇస్తుంది అంటూ డీలరు ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ ఎక్స్‌టెండెడ్ రేంజ్ అనే ఎలక్ట్రిక్ పికప్‌ను చూపిస్తున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: డీలరు చెప్పిన రెండు అంకెలూ నిజమే. ఎక్స్‌టెండెడ్ రేంజ్ అనే పెద్ద బ్యాటరీతో పాటు మ్యాక్స్ ట్రైలర్ టో ప్యాకేజీ కూడా ఉన్న లైట్నింగ్ 10,000 పౌండ్లు లాగగలదు. ట్రిమ్‌ను (ఒకే మోడల్‌లోని రకాన్ని) బట్టి 320 మైళ్ల వరకు రేంజ్ ఉన్నట్టు అమెరికా పర్యావరణ సంస్థ ధ్రువీకరించింది. చిక్కల్లా ఆ రెండూ ఒకేసారి దొరకకపోవడంలోనే ఉంది. రేంజ్ లెక్క ట్రైలర్ లేనప్పటిది. లాగే బరువు లెక్క ఎంత లాగగలదో చెబుతుందే తప్ప ఎంత దూరం లాగగలదో చెప్పదు. మీ నిర్ణయం మాత్రం ఆ చెప్పని దూరం మీదే ఆధారపడి ఉంది.

ముందు తేలికైన సగం, అంటే ఆఫీసు ప్రయాణం, చూద్దాము. ఈ బండి 100 మైళ్లకు సుమారు 48 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. మన దగ్గర కరెంటు బిల్లులో కనిపించే యూనిట్, అమెరికాలో చెప్పే కిలోవాట్ అవర్ ఒక్కటే కాబట్టి లెక్క అర్థం చేసుకోవడం కష్టం కాదు. మీ రోజువారీ 55 మైళ్లకు 26 యూనిట్లు చాలు. గ్యారేజీలో 240 వోల్టుల ఛార్జరు పెట్టించుకుంటే అది మూడు గంటలలోపు పని; మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో అయితే తెల్లవారినా పూర్తి కాదు. 48 ఆంపియర్ల ఛార్జరుకు 60 ఆంపియర్ల బ్రేకరు కావాలి కనుక, బండి బుక్ చేయడానికి ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ ఇంటి ప్యానెల్‌లో అంత చోటు ఉందో లేదో చూపించుకోండి. వారాంతపు తిరుగుళ్లతో కలిపి ఏడాదికి 12,000 మైళ్లు అనుకుని, యూనిట్ 15 సెంట్ల చొప్పున లెక్కిస్తే కరెంటుకు 860 డాలర్ల పైచిలుకు అవుతుంది. గాలన్‌కు 20 మైళ్లు ఇచ్చే పెట్రోలు పికప్‌కు, గాలన్ మూడు డాలర్లు ఉన్నా, 1,800 డాలర్లు అవుతాయి. టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలపై ఏటా 200 డాలర్ల అదనపు రుసుము ఉంది (కొత్త బండికి రెండేళ్లది కలిపి మొదటే 400 డాలర్లు కట్టాలి), దాన్ని తీసివేసినా ఏటా ఏడు వందల డాలర్లకు పైగా మిగులుతుంది. రాత్రిపూట కరెంటు చౌకగా ఇచ్చే ప్లాన్ దొరికితే ఇంకొంచెం. అయితే 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసిపోయిందన్న సంగతి గుర్తుంచుకోండి; దాన్ని కలుపుకొని వేసిన పాత లెక్కలు ఎక్కడ కనబడినా పక్కన పెట్టండి.

ఇక ట్రైలర్ సంగతి. ఇది ఆ బండికి మోయలేని భారమేమీ కాదు. 775 పౌండ్-ఫీట్ టార్క్ (చక్రాలను తిప్పే బలం), అదీ కాలు మోపిన క్షణం నుంచే అందే మోటార్లు కాబట్టి, 6,200 పౌండ్ల ట్రైలర్‌తో హైవే ర్యాంపు ఎక్కుతున్నప్పుడు మీ పాత పెట్రోలు ఇంజను పెట్టే గోల ఏదీ ఇక్కడ వినబడదు. లాగడంలో ఉన్న సుఖం వరకే చూస్తే ఎలక్ట్రిక్ పికప్‌కు సాటి వచ్చేది లేదని నేను నిస్సంకోచంగా చెప్పగలను. కానీ క్యాంపర్ ట్రైలర్ అంటే ఎనిమిది అడుగుల వెడల్పు, పదడుగులకు పైగా ఎత్తు. దాన్ని లాగడమంటే గాలికి ఎదురుగా ఒక గోడను నిలబెట్టి తోసుకుపోవడమే. హైవే వేగంలో శక్తిని తినేది ప్రధానంగా ఆ గాలే గాని బరువు కాదు. మోటార్‌ట్రెండ్ పత్రిక 2022లో 300 మైళ్ల రేంజ్ ఉన్న లైట్నింగ్ ప్లాటినంకు మూడు క్యాంపర్ ట్రైలర్లను తగిలించి చూసినప్పుడు, 3,140 పౌండ్లదానితో 115 మైళ్లు, 5,260 పౌండ్లదానితో 100 మైళ్లు, 7,218 పౌండ్లదానితో 90 మైళ్లు వచ్చాయి. బరువు రెండింతలు దాటినా దూరం తగ్గింది పాతిక మైళ్లే. అసలు నష్టమంతా మొదటి ట్రైలర్‌ను తగిలించగానే జరిగిపోయింది.

పెట్రోలు బండికి కూడా ట్రైలర్ తగిలిస్తే మైలేజీ సగానికి పడిపోతుంది కదా, దీనికే ఇంత రాద్ధాంతం ఎందుకని మీకు అనిపించవచ్చు. తేడా నిల్వలో ఉంది. ఒక గాలన్ పెట్రోలులో 33.7 యూనిట్ల శక్తి ఉంటుంది. ఈ బ్యాటరీలో వాడుకోదగిన 131 యూనిట్లు నాలుగు గాలన్ల పెట్రోలుకు కూడా సమానం కావు. పెట్రోలు ఎఫ్-150కి 36 గాలన్ల ట్యాంకు కూడా దొరుకుతుంది. నాలుగు గాలన్లకు తక్కువ శక్తితోనే 300 మైళ్లు వెళ్లగలగడం విద్యుత్ మోటారు పొదుపుకు నిదర్శనం. కాని ఆ పొదుపు అంతా ముందే వాడేసుకుని ఉంది కాబట్టి ఎదురుగాలి పెరిగినప్పుడు సర్దుకోవడానికి దాని దగ్గర ఇంకేమీ మిగలదు. పెట్రోలు బండికి నిల్వ దండిగా ఉంటుంది, పైగా అయిదు నిమిషాలలో మళ్లీ నిండుతుంది.

మీ ట్రైలర్‌కు ఈ లెక్కను అన్వయిస్తే, పూర్తి ఛార్జింగ్‌తో బయలుదేరినప్పుడు సుమారు 95 మైళ్లు అనుకోవచ్చు. ఎవరూ సున్నా దాకా నడపరు కనుక, పది శాతం మిగిలే వరకు అంటే 85 మైళ్లు. అది మొదటి మజిలీ మాత్రమే. దారిలో డీసీ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ బాగా మందగిస్తుంది కాబట్టి తర్వాతి మజిలీలన్నీ పది నుంచి ఎనభై శాతం మధ్యలోనే సాగాలి. అంటే 65 మైళ్ల చొప్పున. లైట్నింగ్ 15 నుంచి 80 శాతానికి చేరడానికి 41 నిమిషాలు పడుతుందని ఫోర్డ్ చెబుతోంది, అదీ 150 కిలోవాట్ల ఛార్జర్ దొరికినప్పుడు. ఫ్రిస్కో నుంచి బ్రోకెన్ బో సుమారు 170 మైళ్లు. మొదటి ఛార్జింగ్ పారిస్ పట్టణం చేరేసరికే కావాలి (ఎర్ర కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఈఫిల్ టవర్ ఉండేది ఆ పారిస్‌లోనే, పిల్లలకు ఆ మాత్రం కాలక్షేపం అవసరమే). అక్కడ ఎనభై శాతం దగ్గర లేచిపోతే గమ్యం చేరడానికి ఇంకోసారి ఆగాలి, నిండే దాకా కూర్చుంటే గంటన్నర గడుస్తుంది. ఎదురుగాలి వీచే రోజున ఆ మొదటి 85 మైళ్లు కూడా గుండెలు పీచుపీచుమనిపిస్తూనే గడుస్తాయి.

ఆగడమంటే ఊరికే ఆగడం కూడా కాదు. పెట్రోలు బంకులో బండి ఇటునుంచి వచ్చి అటు వెళ్లిపోతుంది. ఫాస్ట్ ఛార్జర్లలో ఎక్కువ భాగం కార్ల పార్కింగు గళ్లలో ఉంటాయి. లైట్నింగ్ ఛార్జింగ్ పోర్టు ఎడమ వైపు ముందు భాగంలో ఉంటుంది కాబట్టి బండి మూతి గడిలోకి పెట్టాలి, అప్పుడు వెనుక ట్రైలర్ దారికి అడ్డంగా నిలుస్తుంది. 2024 నుంచి అడాప్టరుతో టెస్లా సూపర్‌ఛార్జర్లు కూడా వాడుకునే వీలు వచ్చింది కాని, వాటి పొట్టి కేబుళ్లు టెస్లా కార్ల వెనుక పోర్టుకు తగినట్టు అమర్చినవి, అందువల్ల పికప్‌కు ఒక్కోసారి రెండు గళ్లు పడతాయి. ట్రైలర్‌ను విప్పడం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు: ఒక మూల ఖాళీ చోటు వెతికి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, జాకీ దించి, బరువు పంచే కడ్డీలు తీసి, సేఫ్టీ గొలుసులు, ఏడు పిన్నుల ప్లగ్గు ఊడదీసి, కప్లర్ గొళ్లెం ఎత్తి బండిని ముందుకు జరపాలి. ఛార్జింగ్ అయ్యాక ఇదంతా తిరగేసి మళ్లీ చేయాలి. జూలై నెల టెక్సాస్ ఎండలో, వెనుక సీట్లో ఇద్దరు పిల్లలతో, ఒక ప్రయాణంలో రెండుసార్లు ఈ పని చేసిన కుటుంబం మూడోసారి ట్రైలర్‌ను ఇంట్లోనే వదిలేసి హోటల్ బుక్ చేసుకుంటే నేను తప్పు పట్టను. ట్రైలర్‌తో నేరుగా వచ్చి నిలబడగలిగే ఛార్జింగ్ కేంద్రాలు పెరుగుతున్నాయి. మీరు వెళ్లే దారిలో ఉన్నవి అలాంటివేనా అన్నది ప్లగ్‌షేర్ యాప్‌లో వినియోగదారులు పెట్టిన ఫొటోల్లో ముందే చూసుకోవచ్చు.

లేక్ టెక్సోమా అయితే ఈ బాధ ఏదీ లేదు. ఫ్రిస్కో నుంచి అరవై మైళ్ల లోపే, ఒక్క ఛార్జింగ్‌తో చేరుకుంటారు. క్యాంపింగ్ స్థలంలో 50 ఆంపియర్ల హుకప్ (ట్రైలర్‌కు ఇచ్చే కరెంటు కనెక్షన్) ఉంటే, 40 ఆంపియర్ల చొప్పున గంటకు 9.6 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి తగిలించి ఉదయం చూసుకుంటే తిరుగు ప్రయాణానికి సరిపడా ఉంటుంది. అయితే అదే హుకప్ మీద ట్రైలర్ ఏసీ కూడా నడవాలి, కొన్ని పార్కులు బండి ఛార్జింగ్‌కు విడిగా డబ్బు తీసుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. బుకింగ్ అప్పుడే అడిగి తెలుసుకోండి.

ఇంకొక చిన్న పరీక్ష బండి దగ్గరే చేయండి. డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు కనబడుతుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదు అని పౌండ్లలో ఉండే ఆ సంఖ్యే ఆ బండి పేలోడ్. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అంటే మీకు 620 నుంచి 930 పౌండ్లు. దానికి నలుగురి బరువు, హిచ్ బరువు, పికప్ వెనుక పెట్టెలో వేసే కూలర్లు, సైకిళ్లు కలపండి. బ్యాటరీ బరువు వల్ల ఎలక్ట్రిక్ పికప్‌లలో, ముఖ్యంగా ఖరీదైన ట్రిమ్‌లలో, ఈ సంఖ్య మనం అనుకున్నంత ఉండదు. 10,000 పౌండ్ల కంటే ముందు అడ్డుతగిలేది చాలాసార్లు ఇదే.

కాబట్టి నా సలహా ఇది. బ్రోకెన్ బోకు ఏడాదికి ఒకటి రెండు సార్లు మించి వెళ్లకపోతే లైట్నింగ్ తీసుకోండి, ఆ ఒకటి రెండు సార్లకు టోయింగ్‌కు (ట్రైలర్ లాగడానికి) అనుమతి ఉన్న పెట్రోలు ట్రక్కును అద్దెకు తెచ్చుకోండి. మామూలు కారు అద్దె ఒప్పందాలు చాలావరకు టోయింగ్‌ను నిషేధిస్తాయి కనుక ఆ షరతు చదవకుండా సంతకం పెట్టకండి. సెలవు దొరికినప్పుడల్లా వెళ్తామని రాశారు కాబట్టి అది ఒకటి రెండు సార్లతో ఆగదని నా అనుమానం. అలాగైతే మీకు రెండు దారులున్నాయి. 200 యూనిట్లకు పైబడిన బ్యాటరీ ఉన్న షెవ్రొలే సిల్వరాడో ఈవీ పెద్ద మోడళ్లు 400 మైళ్లకు మించి రేంజ్ ఇస్తాయి. ట్రైలర్‌తో అందులో మూడో వంతే మిగిలినా మీరు దారిలో ఒక్కసారి ఆగి బ్రోకెన్ బో చేరవచ్చు, కాకపోతే ధర, ఎనిమిది వేల పౌండ్లు దాటిన బరువు మీరు భరించాలి. రెండోది హైబ్రిడ్ ఎఫ్-150 తీసుకోవడం. మీ స్థానంలో ఉంటే నేను హైబ్రిడ్ వైపే మొగ్గుతాను. ఏది కొన్నా సంతకానికి ముందు ఎ బెటర్ రూట్ ప్లానర్ యాప్‌లో ఆ మోడల్‌ను ఎంచుకుని, వినియోగాన్ని మూడింతలు చేసి, గంటకు 60 మైళ్ల వేగంతో ఒకసారి, 70తో ఒకసారి మీ దారిని గీయించి చూడండి. వేగం 60 నుంచి 70కి పెరిగితే గాలి నిరోధం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. ఆ రెండు పటాల మధ్య తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాము. లైట్నింగ్ తయారీ ఆపేశారట కదా, సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తోంది. చిన్న బోటు లాగడానికి తీసుకోవచ్చా?

జవాబు: పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్‌ను ఆపేసి, లోపల బ్యాటరీని నింపే పెట్రోలు జనరేటరు ఉండే రూపంలో తరువాతి తరాన్ని తెస్తామని ఫోర్డ్ 2025 డిసెంబరులో ప్రకటించింది. అంతకు కొద్ది నెలల ముందు ర్యామ్ కూడా తన పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌ను రద్దు చేసుకుని అదే దారి పట్టింది. టోయింగ్ విషయంలో కొనుగోలుదార్లు ఏమనుకుంటున్నారో కంపెనీలకు అర్థమైందనే దీని భావం. అంతమాత్రాన ఇప్పటికే రోడ్ల మీద ఉన్న బండ్లు చెడ్డవి కావు. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఉంటుంది, అది రెండో యజమానికి కూడా వర్తిస్తుంది. బోటు ఎత్తు తక్కువ కాబట్టి క్యాంపర్ అంతటి నష్టం ఉండదు. మీ చలికి 2024 మోడల్ నుంచి హీట్ పంపు (తక్కువ కరెంటుతో బండి లోపల వెచ్చబరిచే పరికరం) వచ్చింది, అంతకు ముందువాటిలో లేదు. ధరలో తేడా కొద్దిపాటిదైతే 2024 లేదా ఆ తరువాతి మోడలే చూడండి. మ్యాక్స్ ట్రైలర్ టో ప్యాకేజీ ఉందో లేదో అమ్మేవారి మాట మీద కాకుండా అసలు విండో స్టిక్కరు చూసి నిర్ధారించుకోండి.

ప్రశ్న: ఆస్టిన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, ఇంటి దగ్గర ఛార్జింగ్ లేదు. ఎలక్ట్రిక్ పికప్ కొనవచ్చా?

జవాబు: వద్దు. ఫాస్ట్ ఛార్జర్లలో యూనిట్ 50 సెంట్లు పడితే 100 మైళ్లకు 24 డాలర్లు అవుతుంది; గాలన్‌కు 20 మైళ్లు ఇచ్చే పెట్రోలు పికప్‌కు, గాలన్ మూడు డాలర్ల లెక్కన, 15 డాలర్లు చాలు. ఆఫీసులో ఛార్జింగ్ ఉచితమో, చౌకో అయితే మళ్లీ రాయండి.