యూవీ మెషిన్ గురించి అడిగారు కాబట్టి: ముందు క్యూవెట్ కడగడం నేర్చుకోండి

ప్రశ్న: "యూవీ-విజిబుల్ స్పెక్ట్రోస్కోపీ మూల సూత్రాలు, పరికరంలోని భాగాలు ఏమిటి? బీఎస్సీ పరీక్షకు పనికొచ్చేలా ఎవరైనా చెప్పగలరా?"

నిర్వచనం మీ గైడులో ఉంటుంది, ఇక్కడ మళ్ళీ రాయను. దాన్ని కంఠతా పట్టి ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లలు, ఇంటర్వ్యూలో "బ్లాంక్ (మందు కలపని ఒట్టి ద్రావకం) ఎందుకు పెడతావు?" అంటే బిక్కమొహం వేయడం చాలాసార్లు చూశాను. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు మందుల కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబుల్లో ఏళ్ళ తరబడి పనిచేసినవాడిగా నా మాట ఒకటే. ఈ సబ్జెక్టులో కష్టమైనది సిద్ధాంతం కాదు, శుభ్రత. ముఖ్యంగా క్యూవెట్ శుభ్రత, అంటే కొలవాల్సిన ద్రావణం పోసి మెషిన్‌లో పెట్టే ఆ చిన్న పారదర్శకపు గిన్నెది.

సిద్ధాంతం ఒక పూటలో అయిపోతుంది. అణువులోని ఎలక్ట్రాన్ పై స్థాయికి వెళ్ళడానికి ఎంత శక్తి కావాలో, సరిగ్గా అంత శక్తి ఉన్న కాంతినే అది మింగుతుంది. 200 నుంచి 400 నానోమీటర్ల దాకా అతినీలలోహితం, అక్కడి నుంచి 800 దాకా కంటికి కనిపించే వెలుగు. ఒంటి బంధం, జంట బంధం మార్చి మార్చి ఎంత దూరం సాగితే, శోషణ అంత పెద్ద తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. బెంజీన్ మింగేది 255 దగ్గర, అందుకే మన కంటికి నీళ్ళలా ఉంటుంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌లో అలాంటి జంట బంధాలు 11 వరసగా ఉంటాయి. అది 450 దగ్గరి నీలాన్ని మింగేస్తుంది, మిగిలిన నారింజ రంగు మనకు కనిపిస్తుంది.

దీనికి తోడు బీర్-లాంబర్ట్ నియమం. శోషణ అంటే పదార్థపు స్వభావాన్ని బట్టి వచ్చే ఒక స్థిరాంకం, కాంతి నడిచిన దారి పొడవు, గాఢత, ఈ మూడింటి గుణకారం. 1729లో బూగే, 1760లో లాంబర్ట్, 1852లో బీర్ తలా కొంత చెప్పారు. అందరికంటే ముందు చెప్పిన బూగేనే జనం వదిలేశారు, పాపం. శోషణ 1 అంటే నూటికి పది పాళ్ళ వెలుగు బయటపడింది, 2 అంటే ఒక పాలే, 3 అంటే వెయ్యికి ఒకటి. కాబట్టి తెర మీద 3 కనబడితే ఆ అంకెను రికార్డులో రాయకండి. ద్రావణాన్ని పలచన చేసి, 0.2కీ 0.8కీ మధ్యకు తెచ్చుకోండి.

ఇక అసలు సంగతి. ఒక రాత్రి షిఫ్టులో పారాసెటమాల్ మాత్రల అస్సే, అంటే మాత్రలో మందు ఎంతుందో కొలిచే పరీక్ష చేస్తున్నాం. మందుల ప్రమాణాల పుస్తకం ఇండియన్ ఫార్మకోపియా పద్ధతిలో మాత్రల పొడిని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, పలచన చేసుకుంటూ పోతే చివరికి మిల్లీలీటరుకు 7.5 మైక్రోగ్రాములు మిగులుతుంది. 257 నానోమీటర్ల దగ్గర కొలవాలి. ఒక శాతం ద్రావణం, ఒక సెంటీమీటరు దారి అనుకుంటే అక్కడి శోషణ 715 అని పుస్తకమే ఇస్తుంది. మన ద్రావణం 0.00075 శాతమే, ఆ లెక్కన 0.536 దరిదాపుల్లో రావాలి. మాత్రలో మందు 95 నుంచి 105 శాతం మధ్య ఉంటే పాస్.

ఆ రాత్రి ఒకసారి 108 శాతం వచ్చింది, ఇంకోసారి 101, మళ్ళీ 106. ఫ్లాస్కు మాత్రం ఒకటే! ఓఓఎస్ (ఫలితం హద్దు దాటింది) అనే మాట వినబడగానే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెమటలు పట్టాయి. ప్రొడక్షన్ వాళ్ళ ఫోన్లు ఆగడం లేదు. అందరి నోటా ఒకటే మాట, మెషిన్ పోయింది. ల్యాంప్ మార్చాలని ఒకరు, విశాఖ నుంచి సర్వీస్ ఇంజినీరుని పిలవాలని ఇంకొకరు. తరంగదైర్ఘ్యం సరిచూసుకోవడానికి వాడే హోల్మియం ద్రావణం పెట్టి చూస్తే 241, 287, 361, 536 దగ్గర శిఖరాలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. తరంగదైర్ఘ్యంలో తేడా లేదని తేలినా మెషిన్‌కి తిట్లు తప్పలేదు.

తెల్లవారుజామున గాజుసామాను కడగడానికి అటెండెంట్ వచ్చాడు. ఎచ్చెర్ల వైపు మనిషి, వయసులో పెద్దవాడని అందరం బాబాయ్ అనేవాళ్ళం. మెషిన్ పక్కనున్న క్యూవెట్ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏటి బావూ, రేతిరంతా మిసన్ని తిడతన్నారు? దీన్ని ఎసిటోన్‌తో కడిగినోడెవడు?" అన్నాడు.

కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు, తొందరగా ఆరుతుందని, రీడింగుకీ రీడింగుకీ మధ్య శాంపిల్ క్యూవెట్‌ని ఎసిటోన్‌తో తొలిచి, దులిపి, పూర్తిగా ఆరకుండానే నింపేస్తున్నాడు. ఎసిటోన్‌కి నీళ్ళలో 265 దగ్గర ఒక శోషణ ఉంది. బలహీనమైనదే. కానీ మూడు మిల్లీలీటర్ల క్యూవెట్‌లో అర మైక్రోలీటరు మిగిలిపోయినా 257 దగ్గర శోషణ 0.03 దాకా పెరుగుతుంది. మనకు రావాల్సిన 0.536లో అది అయిదు శాతం పైమాటే. రిఫరెన్స్ వైపు, అంటే బ్లాంక్ పోసిన క్యూవెట్‌ని వాడు ముట్టుకోలేదు, అందుకే బ్లాంక్‌తో అది కొట్టుకుపోలేదు. ఎంత మిగిలిందన్నది ప్రతిసారీ వేరు, కాబట్టి అంకె కూడా వేరు. అదే క్యూవెట్‌ని నీళ్ళతో బాగా కడిగి, శాంపిల్‌తోనే తొలిచి పెడితే 99 మీద స్థిరంగా నిలబడింది.

తర్వాత మూలకారణం, దిద్దుబాటు చర్య అంటూ పేజీలకు పేజీలు రిపోర్టు రాశారు. ట్రైనీకి మళ్ళీ శిక్షణ ఇచ్చినట్టు సంతకాలు పెట్టించారు. వాసన చూసిన మనిషి పేరు అందులో ఎక్కడా లేదు, కాంట్రాక్టు మనిషి కదా! ఆ కంపెనీ మీద నాకు కోపం ఇంకా పోలేదు.

పరికరం గురించి అడిగారు. భాగాల జాబితా బట్టీ పట్టకండి, వెలుగు నడిచే దారి పట్టుకోండి. అతినీలలోహితానికి డ్యుటీరియం ల్యాంపు, కనిపించే వెలుగుకు టంగ్‌స్టన్ హాలోజన్ ల్యాంపు. ఆ వెలుగు సన్నని గీతలున్న గ్రేటింగ్ మీద పడి విడిపోతుంది. విడిపోయినదాంట్లో మనకు కావలసిన ముక్కను సందు గుండా బయటికి పంపే ఏర్పాటే మోనోక్రోమేటర్. ఆ తర్వాత క్యూవెట్. 257 లాంటి చోట క్వార్ట్జ్‌దే వాడాలి, మామూలు గాజు 320 కిందికి వెళ్ళేకొద్దీ వెలుగును తనే మింగేస్తుంది. చివర ఫోటోమల్టిప్లయర్ గానీ ఫోటోడయోడ్ గానీ ఆ మిగిలిన వెలుగును కరెంటుగా మారుస్తుంది. డయోడ్ అర్రే రకంలో వరస తిరగబడుతుంది, తెల్లని వెలుగు ముందు శాంపిల్ దాటాకే విడిపోతుంది.

డబుల్ బీమ్ అంటే అదే వెలుగును రెండు దారులు చేసి, ఒకదాన్ని శాంపిల్‌లోంచి, ఇంకోదాన్ని బ్లాంక్‌లోంచి పంపడం. ల్యాంపు కాస్త తగ్గినా హెచ్చినా రెండింటికీ సమానమే. బ్లాంక్ పెట్టడమంటే సరుకు తూచేముందు తక్కెడకి పాసంగం చూసుకోవడం లాంటిది. ఇంత చిన్న విషయం మా పిల్లలకు తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. విజయనగరంలో నేను చదివిన కాలేజీలో ఈ మెషిన్ హెచ్‌ఓడీ గదిలో గుడ్డ కప్పుకుని, తాళం వెనక ఉండేది. దసరాకి ఆయుధపూజలో బొట్టు పెట్టించుకోవడం తప్ప అది ఇంకో పని చేసినట్టు నాకు గుర్తులేదు. నన్నడిగితే నేర్చుకునేవాడికి మీటలు తిప్పే పాత సింగిల్ బీమ్ మెషినే మేలు. 1941లో అమెరికాలో బెక్‌మన్ తెచ్చిన డీయూ మోడల్‌లో ప్రతి తరంగదైర్ఘ్యమూ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఆటో జీరో బటన్ వచ్చాక బుర్ర వాడటం మానేశారు.

ఈ చదువు ల్యాబు దాటి ఎక్కడ పనికొస్తుందని కూడా కొందరు అడుగుతుంటారు. మా అత్తగారిది కవిటి వైపు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. అక్కడ చదువురాని ముసలమ్మలు కూడా "నా క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు. కిడ్నీల పనితీరు చెప్పే ఆ రక్తపరీక్ష అంకె చాలా ల్యాబుల్లో 1886లో జాఫే చెప్పిన చర్యతోనే వస్తుంది. క్షార మాధ్యమంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే నారింజ-ఎరుపు రంగు తేలుతుంది, దాన్ని 500 నానోమీటర్ల చుట్టుపక్కల చదువుతారు. రక్తంలో గ్లూకోజు, కీటోన్లు బాగా ఎక్కువైతే ఆ అంకె లేనిపోని విధంగా పెరుగుతుంది, బిలిరుబిన్ ఎక్కువైతే తగ్గుతుంది. సోంపేటలో ఒక అంకె, పలాసలో ఇంకో అంకె వచ్చిందని గాభరా పడి డాక్టరుతో గొడవ పెట్టుకునే ముందు, రెండు ల్యాబుల్లో పద్ధతి ఒకటేనా అని కనుక్కోండి.

పరీక్ష అన్నారు కదా, అందరూ సగమే రాసే జవాబు ఒకటి చెబుతాను. లాంబ్డా మాక్స్, అంటే శోషణ శిఖరం ఉన్న తరంగదైర్ఘ్యం దగ్గరే ఎందుకు కొలుస్తారంటే "అక్కడ శోషణ ఎక్కువ కాబట్టి" అని రాసి వదిలేస్తారు. ఇంకో సగం ఉంది. శిఖరం మీద వంపు చదునుగా ఉంటుంది. మెషిన్ ఒక నానోమీటరు అటూ ఇటూ అయినా అంకె పెద్దగా కదలదు. అదే పక్కవాలు మీద కొలిస్తే, ఆ ఒక్క నానోమీటరుకే రీడింగు ఎక్కడికో పోతుంది. బొమ్మ గీసి, శిఖరం దగ్గరా వాలు దగ్గరా చెరో రెండు నిలువు గీతలు గీయండి, దిద్దే మాస్టారికి వేరే వివరణ అక్కర్లేదు.