డీబీఏ ఇంటర్వ్యూలో ఎక్స్‌పోర్ట్ స్క్రిప్టు దగ్గర ఆగిపోతున్నారా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సు నేర్చుకున్నాను. రెండు ఇంటర్వ్యూల్లోనూ డేటా పంప్ (ఒరాకిల్ డేటాను ఫైలులోకి ఎక్స్‌పోర్ట్ చేసి, మరోచోట ఇంపోర్ట్ చేసే సాధనం) కమాండ్లు చెప్పగలిగాను. ‘ప్రొడక్షన్ స్కీమాను రోజూ రాత్రి టెస్ట్ డేటాబేస్‌లోకి తెచ్చే స్క్రిప్టు రాయండి’ అనేసరికి, అంటే అసలు డేటాబేస్‌లో ఒక యూజర్ కింద ఉన్న టేబుళ్లు వగైరా అన్నిటినీ పరీక్షల డేటాబేస్‌లోకి కాపీ చేయమనేసరికి, ఆగిపోయాను. రెండు నెలల్లో ఇది పట్టుబడుతుందా? లేక డీబీఏ వదిలేసి వేరే కోర్సు చూసుకోమంటారా?

జవాబు: కోర్సు మార్చాల్సిన పనిలేదు. డేటాబేస్ మీకు కొంత వచ్చు, షెల్ స్క్రిప్టింగే (లినక్స్ కమాండ్లను ఫైలులో వరసగా రాసి నడపడం) రాలేదు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే రెండు నెలలు ఎక్కువే. ఆ ప్రశ్న అడిగేవాళ్లు మీ నోటి నుంచి కమాండ్ వినాలనుకోరు. రాత్రి రెండింటికి ఎవరూ లేనప్పుడు పని చెడితే, చెడిందన్న సంగతి మీ స్క్రిప్టుకు తెలుస్తుందా లేదా అన్నదే వాళ్లకు కావాలి.

సాధనకు ఒరాకిల్ 21సీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ చాలు, ఉచితం. 12 జీబీ యూజర్ డేటా, 2 జీబీ ర్యామ్, 2 సీపీయూ థ్రెడ్లు దాని పరిమితి. విండోస్ మీద కాకుండా వర్చువల్ మెషీన్‌లో లినక్స్ మీద పెట్టుకోండి. సేల్స్, సేల్స్_టెస్ట్ అని రెండు స్కీమాలు చేయండి. మొదటిదాంట్లో ఫారిన్ కీలతో (ఒక టేబుల్ వరుసను మరో టేబుల్ వరుసకు కట్టే నియమాలు) ఐదారు టేబుళ్లు, ఒక వ్యూ, ఒక సీక్వెన్స్ (కొత్త వరుసలకు నంబర్లు ఇచ్చేది), ఒక ప్రొసీజర్ (డేటాబేస్‌లో దాచే కోడ్) ఉండాలి. ఒక టేబుల్లోనైనా ఐదు లక్షల వరుసలు నింపండి. నాలుగు వరుసల టేబుల్‌తో చేస్తే ఏ తప్పూ బయటపడదు.

తొలి దెబ్బ చాలామందికి డైరెక్టరీ దగ్గర తగులుతుంది. డేటా పంప్ తన డంప్ ఫైలును (ఎక్స్‌పోర్ట్ చేసిన డేటా ఉండే ఫైలు) సర్వర్ మీదే రాస్తుంది, మీ ల్యాప్‌టాప్ మీద కాదు. ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో చెప్పే క్రియేట్ డైరెక్టరీ అన్న కమాండ్ ఆ ఫోల్డర్ నిజంగా ఉందో లేదో చూడదు. లేకపోయినా ‘క్రియేటెడ్’ అనేస్తుంది. ఎక్స్‌పోర్ట్ మొదలయ్యాక ఓరా-39002, దాని వెంట ఓరా-39070 వస్తాయి (ఇవి ఒరాకిల్ ఎర్రర్ నంబర్లు). ఫోల్డర్ ఉన్నా, ఒరాకిల్ నడిచే ఓఎస్ యూజర్‌కు అందులో రాసే అనుమతి లేకపోతే అదే కథ. ఓరా-39087 వస్తే మాత్రం డైరెక్టరీ పేరైనా తప్పు, మీ యూజర్‌కు గ్రాంట్ (దాన్ని వాడే అనుమతి) అయినా లేదు. ఇంకొకటి: 21సీలో మీ స్కీమా ప్లగబుల్ డేటాబేస్‌లో (ప్రధాన డేటాబేస్ లోపల ఉండే విడి డేటాబేస్) ఉంటుంది. సర్వీస్ పేరు ఇవ్వకుండా రూట్‌లోకి, అంటే ప్రధాన భాగంలోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ చేస్తే స్కీమా దొరకలేదని ఓరా-39165 చెబుతుంది.

పారామీటర్లన్నీ పార్‌ఫైల్‌లో (పారామీటర్లు రాసే విడి ఫైలు) పెట్టండి. క్వెరీ, ఇంక్లూడ్ లాంటివి కమాండ్ లైన్‌లో రాస్తే కొటేషన్ గుర్తులను షెల్ మింగేస్తుంది. అయితే తేదీతో కూడిన డంప్ ఫైలు పేరు మాత్రం స్క్రిప్టులోంచే పంపాలి, పార్‌ఫైల్ షెల్ వేరియబుళ్లను విప్పదు. రోజూ ఒకే పేరైతే రెండో రాత్రి ఓరా-27038తో ఆగుతుంది, పాత ఫైలు మీదే రాయమనే రీయూజ్_డంప్‌ఫైల్స్ పెడితే తప్ప.

ఏ క్షణం నాటి డేటా కావాలో చెప్పే ఫ్లాష్‌బ్యాక్_టైమ్ పారామీటర్ గురించి ఇంటర్వ్యూలో కచ్చితంగా అడుగుతారు. అది ఇవ్వకపోతే ఒక్కో టేబుల్ ఒక్కో క్షణం నాటి డేటాతో వస్తుంది. కస్టమర్ల టేబుల్ పదింటికి, ఆర్డర్ల టేబుల్ పదీ పదికి తీసిందనుకోండి. మధ్యలో చేరిన కొత్త కస్టమర్ ఆర్డరు డంప్‌లో ఉంటుంది, కస్టమర్ ఉండడు. ఇంపోర్ట్‌లో ఫారిన్ కీ పెట్టేటప్పుడు ఓరా-02298 వస్తుంది. దానికి సిస్‌టైమ్‌స్టాంప్ (ఇప్పటి సమయం) ఇస్తే అన్నీ ఒకే క్షణానికి కట్టుబడతాయి. అందుకు అన్‌డూ (మారిన డేటా పాత విలువలు దాచే చోటు) సరిపడా ఉండాలి, లేదంటే ఓరా-01555. మంచి రద్దీ వేళ ఎక్స్‌పోర్ట్ పెట్టకూడదనడానికి ఇదే కారణం.

అసలు తిరకాసంతా ఇంపోర్ట్‌లోనే. టేబుల్ ముందే ఉంటే ఏం చేయాలో చెప్పే టేబుల్_ఎగ్జిస్ట్స్_యాక్షన్ ఏమీ ఇవ్వకపోతే డిఫాల్ట్ స్కిప్. అంటే మొదటి రాత్రి చక్కగా నడుస్తుంది. రెండో రాత్రి ప్రతి టేబుల్‌కూ ఓరా-39151 అని లాగ్‌లో రాసి, దేన్నీ ముట్టుకోకుండా ముగుస్తుంది. టెస్టింగ్ టీమ్ నిన్నటి డేటా మీద పనిచేస్తూ పోతుంది, వారం దాకా ఎవరికీ తెలియదు. ట్రంకేట్ పెడితే ఫారిన్ కీలు అడ్డొస్తాయి. రీప్లేస్ టేబుళ్లను మారుస్తుంది గానీ ఉన్న సీక్వెన్స్‌ను ముట్టుకోదు. డేటా ముందుకెళ్లి సీక్వెన్స్ వెనక ఉండిపోయి, అప్లికేషన్ కొత్త వరుస పెట్టబోతే అదే నంబరు మళ్లీ వచ్చి ఓరా-00001 కొడుతుంది. రోజూ చేసే రిఫ్రెష్‌కు టెస్ట్ స్కీమాను డ్రాప్ యూజర్ క్యాస్కేడ్‌తో తీసేసి మళ్లీ తేవడమే శుభ్రమైన దారి. దానికి ముందు రెండు లైన్లు తప్పనిసరి: కనెక్ట్ అయిన డేటాబేస్ పేరు చూడాలి, అది టెస్ట్ కాకపోతే వెంటనే బయటికి వచ్చేయాలి. ఈ రెండు లైన్లు రాసిన కొత్తవాళ్లు చాలా అరుదు. రాసి చూపించండి, ఎదుటివాళ్ల ముఖం మారుతుంది.

రీమ్యాప్_స్కీమా స్కీమా పేరు మారుస్తుంది కానీ ప్రొసీజర్ లోపల ‘సేల్స్.ఆర్డర్స్’ అని నేరుగా రాసి ఉంటే దాన్ని మార్చదు. టేబుల్‌స్పేస్ (టేబుళ్ల డేటా నిల్వ ఉండే చోటు) పేరు అవతల లేకపోతే ఓరా-00959. దానికి రీమ్యాప్_టేబుల్‌స్పేస్ ఉంది. తెలుగు పేర్లు నిల్వచేసే టేబుల్ ఉంటే ఇంకో పరీక్ష కూడా చేయండి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘శ్రీ’ చూడటానికి ఒకటే అక్షరం, లోపల నాలుగు గుర్తులు, 12 బైట్లు. మూలంలో 30 క్యారెక్టర్లని ఉన్న కాలమ్‌ను అవతల ముందే 30 బైట్లుగా కట్టి ఉంచి, డేటా మాత్రమే తెస్తే ఓరా-12899తో వరుసలు రాలిపోతాయి.

ఇక ఫలితం చూసుకోవడం. డేటా పంప్ ఎగ్జిట్ కోడ్ మూడు రకాలు: అంతా బాగుంటే 0, పూర్తిగా విఫలమైతే 1, పూర్తయింది గానీ తప్పులున్నాయంటే 5. 5 వస్తే లాగ్‌లో ఓరా అని ఉన్న లైన్లన్నీ తీసి, ముందుగా మీరు ఒప్పుకున్నవి కాకుండా ఇంకేమైనా ఉంటే మెయిల్ పంపాలి. అది కూడా చాలదు. పెద్ద టేబుళ్ల వరుసల సంఖ్య ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ లాగ్‌లు రెండింటిలోనూ ఉంటుంది, పోల్చండి.

చేత్తో నడిపితే నడిచి, క్రాన్‌లో (లినక్స్‌లో చెప్పిన వేళకు పనులు నడిపేది) పెడితే నడవకపోవడం మామూలే. క్రాన్‌కు మీ ప్రొఫైల్ తెలియదు కాబట్టి ఒరాకిల్_హోమ్, ఒరాకిల్_ఎస్‌ఐడీ, పాత్ స్క్రిప్టులోనే పెట్టాలి. క్రాన్‌ట్యాబ్ లైన్‌లో తేదీ కోసం శాతం గుర్తు వాడితే క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది. తేదీ పనిని స్క్రిప్టు లోపలికి మార్చండి. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో గానీ పార్‌ఫైల్‌లో గానీ రాయొద్దు, పాస్‌వర్డ్‌ను భద్రంగా దాచే ఒరాకిల్ వాలెట్ నేర్చుకోండి. కంట్రోల్-సీ కొడితే జాబ్ ఆగిందనుకోవద్దు, అది సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. ఆపాలంటే కిల్_జాబ్.

‘ఇది బ్యాకప్‌కు సరిపోతుందా?’ అని మెలిక పెడతారు. సరిపోదు. డంప్ తీసిన క్షణానికే తిరిగి వెళ్లగలం, ఆ తర్వాతి ఆర్కైవ్ లాగ్‌లను (డేటాబేస్‌లో జరిగిన మార్పుల చిట్టాలు) దాని మీద అప్లై చేయలేం. దానికి ఒరాకిల్ బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్ కావాలి.

మొదటి మూడు వారాలు షెల్, పార్‌ఫైల్. తర్వాతి మూడు ఇంపోర్ట్. మిగిలిన రెండూ పైన చెప్పిన తప్పులను కావాలనే చేసి లాగ్‌లు దాచుకోవడానికి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ కూడా చూస్తానంటే మంచిదే, కానీ దీని తర్వాతే. అక్కడి ఎక్స్‌పోర్ట్ సాధనం పీజీ_డంప్ యూజర్లను, రోల్స్‌ను తీసుకురాదన్న ఒక్క మాట గుర్తుంచుకోండి.

రెజ్యూమేలో ‘డేటా పంప్ తెలుసు’ అని రాయకండి. ‘రాత్రిపూట స్కీమా రిఫ్రెష్ స్క్రిప్టు: ఎగ్జిట్ కోడ్ తనిఖీ, వరుసల పోలిక, ప్రొడక్షన్ మీద నడవకుండా అడ్డు’ అని రాసి, గిట్‌హబ్‌లో స్క్రిప్టుతోపాటు చెడిపోయిన ఒక రాత్రి లాగ్ కూడా పెట్టండి.