ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే

(పిల్లల చదువు, మనస్తత్వం మీద పాఠకుల ప్రశ్నలకు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో పనిచేసిన ఒక విశ్రాంత లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కి చదువుతున్నాను. ఏడేళ్ల లోపు పిల్లల్లో పదిలపరుచుకొనే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక, ఉండదని స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పినట్టు పుస్తకంలో ఉంది. మా అక్క కొడుక్కి ఐదున్నరేళ్లు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో మజ్జిగ పోసి అడిగితే సమానమే అన్నాడు. ఒక గ్లాసులోది పొడవాటి గ్లాసులోకి ఒంపి మళ్లీ అడిగితే 'ఇందులోనే ఎక్కువ' అన్నాడు. పుస్తకం నిజమే అనుకున్నాను. మర్నాడు వాడి గ్లాసు అంచు పగిలి ఉందని మా అమ్మ ఆ మజ్జిగను పొడవు గ్లాసులోకి మార్చి ఇచ్చింది. 'ఎక్కువైందా?' అంటే, 'అదే మజ్జిగ కదా' అన్నాడు. ఏది నిజం? – ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి. మార్కులతో ప్రయోగాలు వద్దు. ఇక అసలు సంగతి.

మీ అమ్మగారు తనకు తెలియకుండానే ఒక పేరున్న ప్రయోగం చేసేశారు. 1979లో ఇంగ్లండ్‌లో పాల్ లైట్, ఆయన సహచరులు ఐదారేళ్ల పిల్లలతో అచ్చం ఇదే చేశారు. వాళ్లది మజ్జిగ కాదు, గాజు పాత్రల్లో పాస్తా గవ్వలు. కొందరు పిల్లల ముందు ఊరికే వేరే ఆకారం పాత్రలోకి ఒంపి అడిగారు. ఇంకొందరి ముందు 'అరే, దీని అంచు పగిలింది, చెయ్యి కోసుకుంటుంది' అని చెప్పి మార్చారు. మొదటి రకంలో సరిగ్గా చెప్పినవాళ్లు చాలా తక్కువ. రెండో రకంలో ఎక్కువమంది సమానమే అన్నారు. పిల్లలు అదే వయసువాళ్లు, ఒంపడమూ అదే. మారిందల్లా ఒంపడానికి ఒక కారణం దొరకడం.

పెద్దవాళ్లు పనిగట్టుకుని ఒంపి, 'ఇప్పుడు చెప్పు' అంటే పిల్లవాడు ఏమనుకుంటాడు? ఏదో మారబట్టే అడుగుతున్నారు అనుకుంటాడు. పైగా ఒకే ప్రశ్న రెండుసార్లు! మన బడుల్లో టీచరు 'మళ్లీ చెప్పు' అన్నారంటే అర్థం ఒక్కటే: ఇందాక చెప్పింది తప్పు. ఎక్కం కరెక్టుగా చెప్పిన పిల్లాడు కూడా ఆ మాటకు తడబడి జవాబు మార్చేస్తాడు. ఇది మన దగ్గరి గొడవే కాదు. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు మొదటి ప్రశ్న తీసేసి, మార్చాక ఒక్కసారే అడిగి చూశారు. ఆరేళ్ల పిల్లల తప్పులు తగ్గాయి.

అలాగని పియాజే పని అయిపోయిందని కాదు. మూడేళ్ల పిల్లల్ని ఎంత జాగ్రత్తగా అడిగినా చాలామంది పొడవు చూసే మోసపోతారు. 1920 ప్రాంతంలో పారిస్‌లో తెలివితేటల పరీక్షల పని చేస్తూ, పిల్లల తప్పు జవాబులకు సున్నా చుట్టి వదిలేయకుండా 'ఎందుకలా అన్నావు?' అని కూర్చుని అడిగినవాడాయన. నాకు పిల్లల ఆలోచన వయసుతో ఎలా మారుతుందో చెప్పే ఆయన దశల పట్టిక కన్నా ఈ అలవాటే గొప్పగా కనిపిస్తుంది. మీరూ ఆ పిల్లాణ్ని అడగాల్సింది.

ప్రశ్న: మా పాప ఒకటో తరగతి. లెక్కలు చేస్తూ తనలో తాను పైకే మాట్లాడుకుంటుంది. టీచరు 'నోరు మూసుకుని చెయ్యి' అంటున్నారట. మాన్పించాలా? – ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: వద్దండీ. పియాజే దీన్ని అహంకేంద్ర భాషణం అన్నాడు, వయసుతోపాటు పోతుందని తేల్చాడు. రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ ఒప్పుకోలేదు. అది పోదు, లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుంది అన్నాడు. పిల్లలు బొమ్మ వేస్తుండగా కావలసిన రంగు పెన్సిల్ లేకుండా చేస్తే ఈ మాటలు దాదాపు రెట్టింపయ్యాయని గమనించాడు. ట్రామ్ బొమ్మ గీస్తున్న ఒక బాబు పెన్సిల్ విరిగితే 'విరిగిపోయింది' అని గొణుక్కున్నాడు. పెన్సిల్ పక్కన పెట్టి, రంగులు తీసుకుని, విరిగిన ట్రామ్ వేయడం మొదలుపెట్టాడు! చూడండి, ఆ ఒక్క మాట బొమ్మనే మార్చేసింది. మీ పాప 'ఏడుకి మూడు కలిపితే...' అంటోందంటే లెక్క కష్టంగా ఉందని, వదలకుండా పట్టుకుందని అర్థం. పక్కవాళ్లకు ఇబ్బందైతే కాస్త మెల్లగా అనమనండి, చాలు.

ప్రశ్న: స్కఫోల్డింగ్ (పిల్లలకు కావలసినంత ఊతమిచ్చి, మెల్లగా తీసేయడం) వైగోట్‌స్కీదని కోచింగ్‌లో చెప్పారు. ఫ్రెండ్ మాత్రం అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూనర్‌ది అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. – ఒక అభ్యర్థి, కర్నూలు

జవాబు: టెన్షన్ ఎందుకు, ఇద్దరూ కొంత కరెక్టే. పిల్లల చదువు విషయంలో ఆ పదాన్ని వాడుకలోకి తెచ్చింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు చెక్కముక్కలతో పిరమిడ్ కడుతుంటే, పెద్దవాళ్లు ఎప్పుడు చెయ్యి వేయాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది అందులో చూశారు. వైగోట్‌స్కీ 1934లోనే, 37 ఏళ్లకు క్షయతో పోయాడు. ఆయనది సామీప్య వికాస మండలం. ఒంటరిగా చేయలేనిది ఇంకొకరి సాయంతో చేయగలిగే మేర అన్నమాట. ఈ రెండూ బాగా అతుకుతాయి కాబట్టి తర్వాతివాళ్లు కలిపేశారు. బిట్‌లో 'ఏ సిద్ధాంతంతో ముడిపడింది' అంటే వైగోట్‌స్కీ. 'పదం ఎవరు వాడారు' అంటే బ్రూనర్ బృందం. ఆప్షన్లలో బ్రూనర్ లేకపోతే ఇక ఆలోచించకుండా వైగోట్‌స్కీ పెట్టేయండి.