ఐబీఎం 1401 ఫొటోల మీద నల్లచారలు

అన్నా, కాలిఫోర్నియా కంప్యూటర్ మ్యూజియంలో మీరు తీసిన ఐబీఎం 1401 అనే పాత కంప్యూటర్ ఫొటోల మీద అడ్డంగా పడ్డ చారలకు కారణం లెన్స్ కాదు, పైనున్న లైట్లే అయ్యుంటాయి. కరెంటు లయకు తగ్గట్టు, కంటికి తెలియకుండా మినుకుమంటాయవి.

1. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) తెరవండి. ఫ్లాష్ వద్దు.

2. అందరూ మరిచేది ఇక్కడే. మన హనుమకొండలో కరెంటు 50 హెర్ట్జ్ (అంటే సెకనుకు 50 సార్లు), అమెరికాలో 60. ఇక్కడ బాగా పనిచేసే 1/50, 1/100 సెకను షటర్ (ఫొటోకు వెలుగు పడే సమయం) అక్కడ చారలు తెస్తుంది. 1/60 గానీ 1/120 గానీ పెట్టండి. ఇంకా వేగం పెంచితే చారలు ఎక్కువే అవుతాయి. కాజీపేటలో ఒక పెళ్లికి నేను 1/500 పెట్టి, పెళ్లికూతురి ముఖం మీదే చార తెప్పించాను!

3. చీకటిగా వస్తే షటర్ ముట్టుకోకండి, ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) పెంచండి.

4. ఒకటి తీసి, లేతరంగు ప్యానెల్ మీద జూమ్ చేసి చూడండి. చార ముందు అక్కడే దొరుకుతుంది.

వీడియోకైతే సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ (మినుకును ఆపేది) 60 హెర్ట్జ్‌కు మార్చితే చాలు.