గేమ్ ఇంజిన్‌లో గ్రీకు గుడి

ప్రశ్న: ప్రాచీన గ్రీకు క్షేత్రాలనూ అక్కడి పూజావిధులనూ పండితులు కంప్యూటర్ ఆటల సాంకేతికతతో పరిశోధిస్తున్నారని మా అబ్బాయి అంటున్నాడు. ఇది నిజమేనా? బొమ్మ గీస్తే సరిపోయేదానికి ఆట ఎందుకు?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: నిజమేనండీ. భక్తులు సీసపు రేకులపై సందేహాలు రాసి జియస్ దేవుణ్ణి అడిగిన డొడోనా క్షేత్రాన్ని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వర్చువల్ రియాలిటీలో పునర్నిర్మించారు. మనం అడుగు వేసినా తల తిప్పినా, ఆ చోటి నుంచి ఏది కనబడుతుందో అప్పటికప్పుడు లెక్కగట్టి చూపే సాఫ్ట్‌వేరే గేమ్ ఇంజిన్. బొమ్మలో చిత్రకారుడు ఎంచుకున్న ఒక్క చూపే ఉంటుంది. పూజావిధికి అది చాలదు. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు వరిచేల మీదుగా, కౌశిక దాటి వచ్చే దారిని వదిలేసి, తోటలో నిలిపాక ఫొటో తీస్తే, ప్రభల తీర్థం ఎరగనివారికి అందులో సగమైనా తెలియదు కదా!

ఏథెన్సు నుంచి ఎల్యూసిస్‌కు సుమారు 20 కిలోమీటర్లు ఊరేగింపుగా నడిచి, డెమీటర్ దేవత రహస్య దీక్షలకు వచ్చినవారు టెలెస్టీరియన్ అనే మండపంలో రాత్రివేళ గుమిగూడేవారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో విస్తరించిన ఆ చదరపు మండపం ఒక్కో వైపు సుమారు 50 మీటర్లు. లోపల 42 స్తంభాలు, గోడల వెంబడి మెట్ల వరుసలు. అన్ని స్తంభాలు అడ్డుండగా, మెట్ల మీద నిలుచున్నవారిలో ఎందరికి లోపలి పవిత్రమైన చిన్న గది కనిపించి ఉంటుంది? పునాదుల కొలతలతో మండపాన్ని ఇంజిన్‌లో లేపి, మెట్టు మెట్టుకూ ఒక మనిషిని నిలిపి, కాగడాను ఒక్కోచోట పెట్టి వెలుగు ఎంతదాకా పోతుందో పరీక్షించవచ్చు. ఈ సాంకేతికతకు అసలు విలువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అందచందాలు తర్వాతి మాట.

చిక్కేమిటంటే, తవ్వకాల్లో దొరికిన పునాదిరాయీ ఊహించి వేసిన పైకప్పూ తెరమీద ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. కనుకనే ఏది ఆధారమో, ఏది ఊహో నమోదు చేయాలని 2006లో రూపొందిన లండన్ చార్టర్ అనే మార్గదర్శక పత్రం కోరింది. అమ్మకానికి చేసిన ఆటకు ఆ కట్టుబాటు ఉండదు. అబ్బాయికి ఈ మాట చెప్పండి.

ఇక మండపం లోపల ఏం చూపేవారో బయటపెట్టినవారికి మరణశిక్ష ఉండేది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసు క్షేత్రాలన్నీ తిరిగి ఓపికగా వర్ణించిన పౌసానియస్ కూడా, ప్రాకారం లోపలి సంగతులు రాయవద్దని కలలో ఆజ్ఞ అయిందంటూ కలం ఆపేశాడు. అందుచేత తెరమీది పూజారి చేతిలో ఏ వస్తువు కనబడినా, అది ప్రోగ్రామర్ పెట్టినదే.